పైథాన్‌లో డేటా భద్రత – 4వ పాఠం: పికిల్ తెరిచాక తనిఖీ చేస్తే ఆలస్యమే

పోయినసారి ఇచ్చిన అభ్యాసంలో చాలామంది ఒకే చోట తప్పారు. అందుకని ఈవారం చెప్పాల్సిన యామల్‌ను (సెట్టింగ్‌లు రాసుకునే టెక్స్ట్ ఫార్మాట్) ఒక్క మాటలో తేల్చేస్తాను: లోడ్ బదులు సేఫ్_లోడ్ వాడండి. మిగతా పాఠమంతా ఆ తప్పు గురించే.

మీరు రాసింది ఇదీ: బయటి నుంచి వచ్చిన పికిల్ ఫైలును (పైథాన్ ఆబ్జెక్టులను దాచుకునే ఫైలు) పికిల్.లోడ్‌తో తెరిచి, వచ్చింది డిక్షనరీయేనా అని ఇజ్‌ఇన్‌స్టన్స్‌తో చూసి, కాకపోతే ఎర్రర్ ఇచ్చారు. తనిఖీ రెండో లైన్లో ఉంది. దాడి మొదటి లైన్లోనే అయిపోయింది.

పికిల్ ఫైలు అంటే ఆబ్జెక్టును మళ్లీ ఎలా కట్టాలో చెప్పే ఆదేశాల వరుస. తెరవగానే పైథాన్ వాటిని అమలు చేస్తూ పోతుంది. ఎవరైనా తమ క్లాసులో __రెడ్యూస్__ మెథడ్ రాసి, ఓఎస్.సిస్టమ్‌నూ ఒక కమాండ్‌నూ ఇస్తే, ఆ కమాండ్ మీ సర్వర్లో నడుస్తుంది. ఆ క్లాసు మీ దగ్గర లేకపోయినా సరే. లోడ్ నుంచి మీ చేతికొచ్చేది కమాండ్ ఎగ్జిట్ కోడ్, మామూలుగా సున్నా. "సున్నా డిక్షనరీ కాదు" అని మీ ఇజ్‌ఇన్‌స్టన్స్ కరెక్టుగానే పట్టుకుంటుంది, కానీ అప్పటికి పాస్‌వర్డ్ ఫైలు ఎవరికో చేరిపోయి ఉండొచ్చు. ట్రై-ఎక్సెప్ట్ చుట్టినా ఇంతే. పాండాస్ రీడ్_పికిల్, జాబ్‌లిబ్ లోడ్ కూడా లోపల ఇదే పని చేస్తాయి. నంపై 2019లో, 1.16.3 వెర్షన్ నుంచి, అలౌ_పికిల్‌ను (పికిల్ తెరవనివ్వాలా అన్న సెట్టింగ్) డిఫాల్ట్‌గా ఫాల్స్ చేసింది ఇందుకే. ఎర్రర్ వచ్చిందని దాన్ని ట్రూ చేసేయకండి, దయచేసి.

నేనైతే బయటి డేటాకు జేసన్ (డేటాను మాత్రమే రాసే టెక్స్ట్ ఫార్మాట్) తప్ప ఇంకోటి ఒప్పుకోను. పెద్ద టేబుల్ అయితే పార్కే (టేబుళ్లను దాచే ఫైలు ఫార్మాట్). మీ సర్వర్ల మధ్యే తిరిగే పికిల్ తప్పదనుకుంటే, ముందు బైట్ల మీద హెచ్‌మ్యాక్ సంతకం (రహస్య కీతో లెక్కగట్టే గుర్తు) సరిచూడండి, సరిపోతేనే లోడ్ చేయండి. కీ ఆ ఫైలు పక్కనే పెడితే సంతకానికి విలువ లేదు. ఫైండ్_క్లాస్‌ను (పికిల్ అడిగిన క్లాసును వెతికిచ్చే మెథడ్) మార్చి కొన్ని క్లాసులనే అనుమతించే పద్ధతీ ఉంది. జాబితా పెరిగేకొద్దీ అందులో ఏదో ఒకటి జారుతుంది కాబట్టి దాని జోలికి నేను పోను.

అభ్యాసం: ఓఎస్.సిస్టమ్‌తో "ఎకో నమస్తే" నడిపే పికిల్ తయారుచేయండి. దాన్ని లోడ్ చేయకుండా పికిల్‌టూల్స్.డిస్‌తో (పికిల్ ఆదేశాలను అమలు చేయకుండా చూపించే ఫంక్షన్) చూడండి. లినక్స్‌లో "పోసిక్స్", "సిస్టమ్" అన్న మాటలు, వాటి కింద రెడ్యూస్ అన్న లైను కనబడాలి. తర్వాత మీ ప్రాజెక్టులో, రెడిస్ కాష్‌తో (డేటాను మెమరీలో తాత్కాలికంగా ఉంచే సర్వర్) సహా, పికిల్ తెరిచే ప్రతి చోటూ వెతికి, ఆ బైట్లు ఎవరు రాస్తున్నారో పక్కన రాయండి. వాటిలో ఒకదాన్ని జేసన్‌లోకి మార్చి పంపండి. తేదీలు, డెసిమల్ అంకెలు చెడకుండా తిరిగి రావాలి.