ఉక్కపోత ఊళ్లో మేకప్ సామాన్లు సర్దుకోవడం, జుట్టు కుదురుగా ఉంచుకోవడం

మేకప్ సామాన్లు సర్దే వీడియోలు చూడ్డానికి బాగానే ఉంటాయి. తెల్లటి టేబులు, గాజు పెట్టెలు, వరసగా నిలబెట్టిన లిప్‌స్టిక్‌లు, గదిలో ఏసీ. మన విజయనగరంలోనో శ్రీకాకుళంలోనో ఫ్యాను కింద అదే పని చేస్తే వారం తిరక్కముందే గాజు పెట్టె మీద దుమ్ము, కాంపాక్ట్‌లో చెమ్మ, లిప్‌స్టిక్ మీద చెమట బొట్లు. సముద్రపు గాలి తగిలే జిల్లాలు మనవి, ఏడాదిలో ఎక్కువ రోజులు గాలిలో తేమ 70 శాతం పైనే ఉంటుంది. ఆ తేమ సామాన్లనీ వదలదు, జుట్టునీ వదలదు. అందుకని ఇక్కడ చెప్పేదంతా ఆ ఉక్కని లెక్కలో పెట్టుకుని చెబుతున్నదే. చూడ్డానికి అందంగా సర్దడం తర్వాత సంగతి, ముందు పాడవకుండా ఉండాలి, పొద్దున్న ఆఫీసు హడావిడిలో చేతికి దొరకాలి.

మొదట ఇంట్లో ఉన్నవన్నీ ఒక పాత దుప్పటి మీద కుమ్మరించండి. అన్నీ అంటే అన్నీ. బీరువా అరలోవి, బాత్రూం గూట్లోవి, హ్యాండ్‌బ్యాగు అడుగున ఉండిపోయినవి, టీవీ పక్కన పెట్టిన దువ్వెన, ఎవరి పెళ్లికో కొని ఒక్కసారే వాడిన ఫౌండేషన్, స్కూటీ డిక్కీలో మరిచిపోయిన సన్‌స్క్రీన్. ఆ డిక్కీలోది మాత్రం మళ్లీ ముఖానికి రాసుకోకండి, ఎండలో నిలబెట్టిన బండిలో ఉండీ ఉండీ క్రీము విరిగిపోతుంది, అది ఎండని ఆపుతుందన్న నమ్మకం పెట్టుకోవడానికి లేదు.

ఇప్పుడు ఏది ఉంచాలి, ఏది పారెయ్యాలి. ప్యాకెట్ మీద తయారైన నెల, వాడాల్సిన గడువు ఉంటాయి, అవి అందరూ చూసేవే. చూడనిది ఇంకోటి ఉంది: మూత తెరిచిన చిన్న డబ్బా బొమ్మ, దాని లోపలో పక్కనో 6ఎమ్ అనో 12ఎమ్ అనో ఉంటుంది. మూత తీశాక ఎన్ని నెలలు వాడొచ్చో చెప్పే గుర్తు అది. గడువు ఇంకా రెండేళ్లుందని అట్టపెట్టె మీద చూసుకుని మురిసిపోతాం గానీ, తెరిచిన దగ్గర్నుంచి లెక్క మారిపోతుంది. కాబట్టి కొత్తది తెరిచిన రోజే సీసా అడుగున పెన్నుతో నెల, సంవత్సరం రాసెయ్యండి. గుర్తు చెరిగిపోయి ఉంటే ఉజ్జాయింపుగా ఇలా అనుకోండి: మస్కారా, నీళ్ల ఐలైనర్ 3 నుంచి 6 నెలలు, లిప్‌స్టిక్ ఏడాది రెండేళ్లు, పొడి కాంపాక్ట్ తడి తగలకపోతే రెండేళ్ల దాకా. వాసన మారినా, నూనె పైకి తేలినా, విటమిన్ సి సీరమ్ లాంటిది గోధుమ రంగుకి తిరిగినా తేదీతో పని లేదు, పారెయ్యండి. ఇంట్లో ఎవరికైనా కళ్లకలక వచ్చిందా, అప్పుడు వాళ్లు వాడిన కాటుక కొత్తదైనా సరే బయటికే. అసలు కాటుక అక్కాచెల్లెళ్ల మధ్య కూడా పంచుకునే వస్తువు కాదు.

జుట్టు రంగు గురించి ఒక్క మాట. కలిపాక మిగిలింది సీసాలో పోసి మూత బిగించి దాచకండి, లోపల గ్యాసు పుట్టి సీసా పగలొచ్చు. పాతికసార్లు వేసుకున్న రంగైనా రెండు రోజుల ముందు చెవి వెనకో మోచేతి మడత దగ్గరో కొంచెం రాసి చూడమని ఆ ప్యాకెట్టే చెబుతుంది, ఎవరూ వినరు. దురద, వాపు వచ్చాక డాక్టరు దగ్గరికి పరిగెత్తేకన్నా ఆ రెండు రోజులు ఆగడం నయం.

తర్వాత అద్దం. మన ఇళ్లలో సగం అద్దం నిండా వాడి అంటించిన స్టిక్కర్ బొట్లే. దుమ్ము పట్టిన జిగురుతో అదే బొట్టు మళ్లీ నుదుటికి చేరుతుంది. కొన్ని స్టిక్కర్ల జిగురులో ఉండే రసాయనం వల్ల కొందరికి బొట్టు చోట చర్మం రంగు పోయి తెల్లమచ్చ వస్తుంది, చర్మ డాక్టర్లకి ఇది బాగా తెలిసిన సంగతే. రాత్రి పడుకునే ముందు తీసెయ్యండి, తీసింది దాచకండి. దురద మొదలైతే కొన్నాళ్లు కుంకుమకి మారండి. అద్దం కూడా శుభ్రపడుతుంది, మొహం కనబడుతుంది.

ఎక్కడ పెట్టాలన్నది అసలు ప్రశ్న. బాత్రూంలో షాంపూ, సబ్బు తప్ప ఇంకేమీ ఉండకూడదు. వేన్నీళ్ల ఆవిరి, మన గాలి తేమ, రెండూ కలిసి పౌడర్లని గడ్డ కట్టిస్తాయి, బ్రష్షులకి బూజు పట్టిస్తాయి. కిటికీ పక్క వద్దు. మేడ మీద ఇల్లయితే స్లాబుకి దగ్గరగా ఉండే పై అటక కూడా వద్దు, ఏప్రిల్, మే నెలల్లో అక్కడ లిప్‌స్టిక్ కరిగి మూతకి అంటుకుంటుంది. ఫ్రిజ్‌లో పెట్టాలని కొందరంటారు, సీరమ్ అయితే సరే, పౌడర్లూ కాటుకలూ పెడితే బయటికి తీసినప్పుడల్లా వాటి మీద నీటి బిందువులు చేరతాయి. నా మటుకు నాకు బీరువాలో నడుం ఎత్తు అర సరైన చోటు. ఎండ పడదు, చెయ్యి అందుతుంది, పిల్లలకి తాళం. కొత్త చెప్పులతోనో బ్యాగుతోనో వచ్చే సిలికా జెల్ పొట్లాలు పారెయ్యకుండా అదే అరలో పడేస్తే చెమ్మ కొంత పీలుస్తాయి.

సర్దేటప్పుడు క్రీములన్నీ ఒక చోట, రంగులన్నీ ఒక చోట అని కాకుండా పనిని బట్టి పెట్టండి. రోజూ పొద్దున్న వాడేవి ఒక డబ్బాలో: సన్‌స్క్రీన్, కాటుక, ఒక లిప్‌స్టిక్, పౌడరు, బొట్టు ప్యాకెట్టు, అంతే. ఈ డబ్బా ఒక్కటే బయట ఉంటుంది. తల పనికి సంబంధించినవి రెండో డబ్బా. పెళ్లిళ్లకీ పేరంటాలకీ వాడేవి మూడోది, అది వెనక్కి. కొత్తగా ఏమీ కొనక్కర్లేదు, పండక్కి వచ్చిన స్వీట్ డబ్బాలు గట్టి ప్లాస్టిక్‌వైతే చాలు, నిలువుగా ఉండాల్సినవాటికి స్టీలు గ్లాసులు. పిన్నుల తంటా మాత్రం వేరు. చెంపపిన్నులు, ముడిపిన్నులు, రబ్బరు బ్యాండ్లు, పిన్నీసులు, చెవి దిద్దుల శీలలు, ఇవన్నీ ఒకే సంచిలో వేస్తే కావలసిన పిన్ను చేతికి రాదు, చెయ్యి గుచ్చుకుంటుంది. వాడకుండా పడున్న పోపుల డబ్బా ఒకటి తీసుకోండి, ఏడు గిన్నెలూ ఏడు రకాలకి సరిపోతాయి, మూత ఉంటుంది కాబట్టి దుమ్ము పడదు. మా అత్తగారు మొదట చూసి మొహం చిట్లించారు గానీ ఇప్పుడు ఆవిడ పిన్నీసులూ అందులోనే.

దువ్వెనలు వారానికోసారి గోరువెచ్చటి నీళ్లలో కాస్త షాంపూ వేసి నానబెట్టి పాత టూత్‌బ్రష్‌తో తోమండి. చెక్క దువ్వెనైతే నానబెట్టొద్దు, తుడిస్తే చాలు. మేకప్ స్పాంజీలు కడిగాక పూర్తిగా ఆరనివ్వాలి, వానాకాలంలో ఆరవు, అందుకే స్పాంజీ బదులు వేళ్లు వాడితే హాయి.

ఇక జుట్టు. దీని గుట్టు ఒక్కటి తెలిస్తే మిగతాదంతా సులువు. వెంట్రుక లోపలి ప్రొటీన్‌ని ఆకారంలో పట్టి ఉంచేవాటిలో హైడ్రోజన్ బంధాలు కొన్ని. నీళ్లు తగిలినా బాగా వేడి తగిలినా అవి విడిపోతాయి, ఆరేటప్పుడు, చల్లారేటప్పుడు జుట్టు ఏ ఆకారంలో ఉంటే అదే ఆకారంలో మళ్లీ కలుసుకుంటాయి. స్ట్రెయిట్‌నర్ పనిచేసేది ఇలాగే, రాత్రి జడేసుకుంటే పొద్దున్న అలలు వచ్చేదీ ఇలాగే. గంజి పెట్టి ఇస్త్రీ చేసిన పొందూరు ఖద్దరు చీర ఉక్కకి మెత్తబడినట్టే, గంటసేపు కూర్చుని సాఫు చేసిన జుట్టు బయట తేమ పీల్చుకుని మళ్లీ రేగిపోతుంది. మన తప్పు కాదు, స్ట్రెయిట్‌నర్ తప్పూ కాదు. కాబట్టి వేడి మీద ఆధారపడిన స్టైళ్లు డిసెంబరు, జనవరికి అట్టే పెట్టుకుని, మిగతా కాలమంతా పాయలు పెనవేసి కట్టే స్టైళ్లు నమ్ముకోవడం మేలు.

స్ట్రెయిట్‌నర్ వాడి తీరాలంటే జుట్టు నూటికి నూరు పాళ్లు ఆరి ఉండాలి. తడి మీద పెడితే వెంట్రుక లోపలి నీరు ఆవిరై బుడగలు పుడతాయి, అక్కడే తెగుతుంది. సన్న జుట్టుకి 150 డిగ్రీల దగ్గర ఆపండి, మామూలు జుట్టుకి 180 చాలు, ఎంత మందంగా ఉన్నా 200 దాటొద్దు. వేడి తగిలే ముందు రాసుకునే స్ప్రేనో క్రీమో తప్పనిసరి, కొబ్బరినూనె దానికి బదులు కాదు. ఒక పాయ మీద ఒకసారి, మహా అయితే రెండోసారి. తర్వాత చల్లారేదాకా చెయ్యి పెట్టకండి, దువ్వకండి. కరెంటు పోయిందని డ్రయ్యరుని ఇన్వర్టర్ మీద పెట్టొద్దు, మామూలు ఇంటి ఇన్వర్టర్ అంత లోడు మొయ్యదు.

కొబ్బరినూనె పని తలస్నానానికి ముందు. అది వెంట్రుక లోపలికి ఇంకి, కడిగేటప్పుడు ప్రొటీన్ పోకుండా కాపాడుతుందని 2003లో అచ్చయిన ఒక పరిశోధన కూడా తేల్చింది, ఉద్దానం కొబ్బరి తిని పెరిగిన వాళ్లకి కొత్తగా చెప్పేదేముంది. రాత్రంతా ఉంచాలనేం లేదు, గంట రెండు గంటలు చాలు. చుండ్రు ఉన్నవాళ్లు మాడుకి పట్టించకుండా కొసలకే రాసుకోండి. బోరు నీళ్లు ఉప్పగా ఉండే వీధుల్లో షాంపూ నురగ రాదు, అలాగని ఇంకా పొయ్యకండి, ఒక మగ్గు నీళ్లలో కలిపి పోసుకోండి, ఆఖరి చెంబు మాత్రం తాగే నీళ్లతో. తడి జుట్టు బాగా సాగుతుంది, ఆ సాగుడులోనే తెగుతుంది, అందుకే చిక్కు తీసేది పళ్లు దూరంగా ఉన్న దువ్వెనతో, కొసల దగ్గర మొదలుపెట్టి పైకి. తడి మీద బిగించి ముడి వేసుకుని ఆఫీసుకి పోతే సాయంత్రానికి ముక్కవాసన, చుండ్రు కూడా పెరుగుతుంది.

ఇప్పుడు రోజంతా నిలబడే ఒక ముడి చెబుతాను. విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం విజయనగరంలో జరిగే పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికి పొద్దున్నే వెళ్లి, అమ్మవారి చదురుగుడికీ కోటకీ మధ్య, పూజారి కూర్చున్న పొడవాటి మాను, అదే సిరిమాను, మూడుసార్లు తిరిగేదాకా ఆ జనంలో, ఆ చెమటలో, ఒక్కోసారి వానలో నిలబడాలి, విరబోసుకుంటే సరిపోదు. తల ముందురోజే అంటుకోండి, అదేరోజు కడిగిన జుట్టులో పిన్నులు నిలవవు, జారిపోతాయి. రెండు చుక్కల నూనె అరచేతుల్లో రాసుకుని కొసలకి పట్టించండి. పాపిడి తీసి, మెడ దగ్గర కిందగా రబ్బరు బ్యాండుతో పోనీ కట్టండి. పోనీని రెండు పాయలు చెయ్యండి. రెండు పాయల్నీ విడివిడిగా కుడివైపుకే మెలిపెట్టండి, తర్వాత ఒకదాని మీద ఒకటి ఎడమవైపుకి పెనవెయ్యండి. ఈ ఎదురు మెలిక వల్లే అది తాడులా పట్టు పట్టి ఉంటుంది, మెలిపెట్టడం, పెనవెయ్యడం రెండూ ఒకే వైపుకి చేస్తే వదిలేసిన వెంటనే విడిపోతుంది. కొస కట్టేసి బ్యాండు చుట్టూ చుట్టండి, కొసని కిందికి దోపండి. చెంపపిన్నుకి వంకరలున్న వైపు మాడుకి ఆనాలి, చాలామంది తిరగేసి పెట్టి పిన్ను నిలవట్లేదంటారు. ఒక్కో చోట రెండు పిన్నులు ఒకదాన్నొకటి అడ్డంగా దాటేలా గుచ్చితే కదలవు.

పూలదండ పెట్టేటప్పుడు ముడిపిన్ను పువ్వులో గుచ్చకండి, దారాన్ని పట్టేలా గుచ్చండి, పూలు నలగవు, దండ జారదు. కనకాంబరాలు తేలిక, సాయంత్రం దాకా ఉంటాయి. మల్లెలు మధ్యాహ్నానికే వాడతాయి, బరువు కూడా. కుదుళ్లు నొప్పి పుడుతున్నాయంటే బిగువెక్కువైందని అర్థం, వదులు చెయ్యండి. చిన్నప్పటి నుంచి రోజూ లాగి కట్టే జడల వల్ల నుదుటి దగ్గర జుట్టు పల్చబడుతుంది, బడికెళ్లే పిల్లలకి రిబ్బను జడలేసే అమ్మలు ఇది గుర్తుపెట్టుకోవాలి.

వెంట తీసుకెళ్లే సంచిలో నాలుగు చెంపపిన్నులు, ఒక బ్యాండు, చేతిరుమాలు, లిప్‌స్టిక్ సరిపోతాయి. ముఖం మీద చెమటని రుమాలుతో తుడవకండి, అద్దండి, తుడిస్తే పౌడరు చారలు కడుతుంది.

ఇంటికొచ్చాక ముందు పూలు, తర్వాత పిన్నులు తియ్యండి, పెట్టినన్నీ వచ్చాయో లేదో చూసుకోండి, ఒకటి ఉండిపోతే రాత్రి పడుకున్నాక గుచ్చుకుంటుంది. చెమట పట్టిన పిన్నుల్ని పొడిగుడ్డతో తుడిచి గాలికి ఆరాకే పోపుల డబ్బాలో వెయ్యండి. తడితో వేస్తే తుప్పు పట్టి, ఆ మరక తర్వాత లేతరంగు రిబ్బన్ల మీద తేలుతుంది.