పాత ల్యాండ్‌లైన్ ఫోన్ పాత సామానోళ్లకు వేయకండి
హనుమకొండ, కాజీపేట దిక్కు ఫైబర్ నెట్ పెట్టించుకున్నోళ్లు ఒకసారి మోడెం వెనక చూడండి. ఫోన్ బొమ్మ ఉన్న చిన్న సాకెట్ ఉంటే, వాయిస్ సర్వీసు ఆన్ చేయించుకొని పాత ఫోన్ వైరు అందులో పెడితే చాలు.

పై అంతస్తులో అమ్మకు ఇంకో ఫోన్ కావాలా? గోడలో ఉన్న పాత ఫోన్ వైరింగే పనికొస్తుంది, దాన్ని మోడెం ఫోన్ సాకెట్‌కు కలపాలి. కానీ ముందు బయట స్తంభం నుంచి వచ్చే పాత టెలిఫోన్ రాగి తీగను, అది ఇంటి వైరింగ్‌తో కలిసే డబ్బా దగ్గరే పూర్తిగా విడదీయాలి. అందులో ఇంకా 48 వోల్టుల దాకా ఉండొచ్చు, తగిలితే మోడెం పోర్టు కాలిపోవచ్చు. ఇది మాత్రం బద్ధకించొద్దు.

వేలు పెట్టి తిప్పే పాత సెట్లు మోగుతాయి గానీ, చాలా మోడెంలకు వాటి డయలింగ్ అర్థం కాదు. కరెంటు పోతే ఫోనూ పోతుంది. మన దగ్గర ఎండాకాలం సంగతి తెలిసిందే కదా, మోడెంకు చిన్న యూపీఎస్ ఒకటి తెచ్చుకోండి. మోడెం అడాప్టర్ మీద 12 వోల్టులని ఉందా, ఎన్ని ఆంపియర్లో చూసి కొనండి.