ప్రభువు బల్ల దగ్గరకు వెళ్లే ముందు సహోదరునితో సమాధానపడడం ఎలా?

చాలా సంఘాలలో నెలలో మొదటి ఆదివారం ప్రభువు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ప్రభు భోజనం, ఉంటుంది. శనివారమే తెల్లబట్టలు ఇస్త్రీ చేసి పెట్టుకుంటాము, రాత్రి కుటుంబ ప్రార్థన కాస్త ఎక్కువసేపు చేసుకుంటాము. అన్నతోనో, తోడికోడలితోనో, సంఘ పెద్దతోనో మాటలు లేక ఏడాది దాటిందన్న సంగతి మాత్రం బల్ల దగ్గరకు వెళ్లే వరుసలో నిలబడిన తరువాతే గుర్తుకు వస్తుంది. క్రైస్తవుడు నీతిగా, ప్రేమగా బ్రతకడం ఎక్కడ మొదలుపెట్టాలని అడిగేవారికి నేను ఈ పనినే, విరోధం ఉన్న మనిషితో సమాధానపడి తిరిగి కలవడాన్నే, చూపిస్తాను. తప్పును తప్పని ఒప్పుకోనిదే నీతి లేదు, ఆ మనిషి గడప దాకా నడిచి వెళ్లనిదే ప్రేమ లేదు. సమాధానపడడంలో ఆ రెండూ ఒకేసారి చేయవలసి వస్తుంది.

ముందుగా ఎవరు వెళ్లాలో తేల్చుకోవాలి. మత్తయి సువార్త 5వ అధ్యాయం 23, 24 వచనాలలో యేసు ప్రభువు, ఎవని మీద సహోదరునికి విరోధం ఉందో వానితో మాట్లాడుతూ, అర్పణను బలిపీఠం ముందే విడిచిపెట్టి మొదట వెళ్లి సమాధానపడమన్నాడు. అదే సువార్త 18వ అధ్యాయం 15వ వచనంలో గాయపడినవానితో మాట్లాడుతూ, అతనిని కూడా వెళ్లమనే అన్నాడు. తప్పు మనదైనా వెళ్లవలసింది మనమే, ఎదుటివారిదైనా మనమే. “తప్పు వాడిది, వాడే రానీ” అని కూర్చోవడానికి ఈ రెండు వచనాల మధ్య చోటు లేదు. పైగా అర్పణ గురించిన ఆ మాట ఉన్న కొండమీద ప్రసంగం జరిగింది గలిలయలో, బలిపీఠం ఉన్నది యెరూషలేములో. విరోధం ఊళ్లోవానితో అయితే అర్పణను అక్కడ వదిలి, రోజుల తరబడి నడిచి ఇంటికి పోయి, సమాధానపడి, మళ్లీ అంత దూరం వెనక్కి రావాలి. వింటున్నవారికి ఆ నడక ఎంతో బాగా తెలుసు. మనకు ఆటో ఉంది.

తరువాత, వెళ్లబోయే ముందు రోజు ప్రార్థన చేసి, కాగితం మీద మన తప్పు మాత్రమే రాసుకోవాలి. రాసినది చదువుకొని “కాని”, “నువ్వు కూడా”, “నీకు బాధ కలిగి ఉంటే” వంటి మాటలు ఎక్కడ ఉన్నా కొట్టివేయాలి. చివరికి మిగిలేది రెండు మూడు వాక్యాలే. ఆ రెండు మూడు వాక్యాలే చెప్పి రావాలి.

ఇది నేను ఆలస్యంగా నేర్చుకున్నాను. మా అమ్మ జ్ఞాపకార్థ కూడికలో, బంధువులందరూ ఉండగా, “చివరి రోజుల్లో అమ్మను ఎవరూ సరిగ్గా చూడలేదు” అని మా వదినకు తగిలేలా అన్నాను. నేను ఉన్నది పట్నంలో. అమ్మను ఎనిమిది నెలలు మంచం మీద నుండి ఎత్తి దించింది ఆమె. రెండేళ్ల తరువాత వెళ్లేసరికి వదిన అరుగు మీద కూర్చుని చేటలో బియ్యం ఏరుతోంది. “వదినా, ఆ రోజు నేనన్న మాట అబద్ధం. అమ్మను చూసింది నువ్వే. నేను చూడకుండానే అన్నాను” అన్నాను. ఆమె తల ఎత్తకుండా ఇంకా నాలుగు రాళ్లు ఏరి పక్కన పడేసి, “నలుగురిలో అన్న మాటను నాతో ఒక్కదానితో చెబితే సరిపోతుందా?” అంది. ఆమె అడిగినది న్యాయం. ఆ సాయంత్రమే పెద్దనాన్న ఇంటితో మొదలుపెట్టి, ఆ మాట విన్న ప్రతి ఇంటికీ వెళ్లి అది అబద్ధమని చెప్పి వచ్చాను. మాట ఎక్కడ పడిందో అక్కడే దానిని తీసివేయాలని నాకు ఆమె నేర్పింది.

డబ్బు, పొలం సంగతులలోనూ ఇంతే. సంఖ్యాకాండం 5వ అధ్యాయం తప్పు ఒప్పుకోవడంతో పాటు తీసుకున్నదానికి ఐదో వంతు కలిపి తిరిగి ఇవ్వమంటుంది. అంటే 10,000 రూపాయలు ఎగ్గొట్టినవారు 12,000 పట్టుకొని వెళ్లాలి. యేసును కలుసుకున్న సుంకరి జక్కయ్య నాలుగంతలు ఇస్తానన్నాడు. పొలం గట్టును లోపలికి జరుపుకున్నవారు కన్నీళ్లతో క్షమాపణ అడిగి, గట్టును మాత్రం అలాగే ఉంచితే అది సమాధానం కాదు.

గాయపడినది మనమే అయితే మత్తయి 18వ అధ్యాయంలోని వరుసను తప్పకూడదు: మొదట ఒంటరిగా, వినకపోతే ఒకరిద్దరిని వెంటబెట్టుకొని, అప్పటికీ వినకపోతేనే సంఘానికి. మనం దీనిని తలక్రిందులు చేస్తున్నాము. ముందు “ప్రార్థన మనవి” అంటూ వాట్సాప్ గ్రూపులో పెడతాము, తరువాత పాస్టరుగారికి చెబుతాము, ఆ మనిషితో మాత్రం ఎన్నటికీ మాట్లాడము. పొరుగువానిని నీవలె ప్రేమించుమన్న ఆజ్ఞ లేవీయకాండం 19వ అధ్యాయం 18వ వచనంలో ఉంది. దానికి ముందరి వచనమే, సహోదరుని మీద హృదయంలో పగ పెట్టుకోకుండా అతని తప్పును అతనికే చెప్పమంటుంది. ముఖాముఖి చెప్పడం కూడా ప్రేమలో భాగమే.

ఇక్కడ ఒక హెచ్చరిక తప్పనిసరి. భర్త చేతిలో దెబ్బలు తింటున్న స్త్రీని, లేదా పెద్దవారి వల్ల హింసకు గురైన పిల్లలను “నువ్వే వెళ్లి సమాధానపడు” అని ఒంటరిగా పంపడం ఈ వచనాలను దుర్వినియోగం చేయడమే. క్షమించడం వేరు, అదే చేతికి మళ్లీ అందేలా వెళ్లడం వేరు. అలాంటి చోట ముందు ఆమెకు భద్రత చూపాలి. మహిళల సహాయ నంబరు 181 ఉంది, పోలీసులు ఉన్నారు. ఫిర్యాదు చేసినందుకు ఆమెను బల్లకు దూరం పెట్టే హక్కు ఏ సంఘ పెద్దకూ లేదు.

వెళ్లినా తలుపు తీయకపోతే? రోమా పత్రిక 12వ అధ్యాయం 18వ వచనం, శక్యమైతే మన చేతనైనంత మట్టుకు అందరితో సమాధానంగా ఉండమని చెబుతుంది. మన వంతు నిజంగా చేసి ఉంటే, అవతలివారి మొండితనాన్ని మన మీద వేసుకొని బల్లకు దూరంగా ఉండనవసరం లేదు. కాని ఒక్కసారి వెళ్లి వచ్చి “నా పని అయిపోయింది” అనుకోవడమూ సరికాదు. వారి ఇంట జబ్బు వస్తే వెళ్లాలి, పెళ్లికి పిలవకపోయినా మంచిమాట పంపాలి.

సమాధానపడవలసిన మనిషి మన సంఘంలోనే ఉంటే మార్గం ఇంకా దగ్గర. 1947లో ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘం (సి.ఎస్.ఐ.) 1950లో సిద్ధం చేసుకున్న ప్రభు భోజన క్రమంలో, బల్లకు ముందు ఒకరికొకరు సమాధానం అందించుకునే పాత ఆచారాన్ని తిరిగి నిలబెట్టింది: ఒకరి కుడి అరచేతికి మరొకరి కుడి అరచేయి ఆనించి, ఎడమచేతితో పైనుండి మూస్తారు. దాని ప్రాంతీయ విభాగాలైన మెదక్, దోర్నకల్ డయాసిస్‌ల సంఘాలలో పెరిగినవారికి ఇది చిన్నప్పటి నుండి అలవాటైన పని. శనివారం ఆ ఇంటికి వెళ్లి వచ్చినవారు, ఆదివారం ఎప్పుడూ కూర్చునే చోట కాకుండా, ఆ చేయి అందేటంత దగ్గరగా కూర్చోవాలి.