పియానో వాయించి బతకాలంటే మ్యూజిక్ డిగ్రీ ఉండాల్సిందేనా?

సూటిగా చెప్పేస్తా, స్టేజ్ ఎక్కేముందు మిమ్మల్ని ఎవ్వరూ సర్టిఫికెట్ అడగరు, వాయించమంటారు అంతే. 1963 జనవరిలో న్యూయార్క్ ఫిల్‌హార్మోనిక్‌తో వాయించాల్సిన పేరున్న పియానిస్ట్ గ్లెన్ గూల్డ్ ఒంట్లో బాలేక రాలేకపోతే ఆ ఆర్కెస్ట్రా కండక్టర్ బెర్న్‌స్టీన్ ఆ ప్లేస్‌లో కూర్చోబెట్టింది 16 ఏళ్ల ఆండ్రే వాట్స్‌ని, ఆ కుర్రాడికి అక్కణ్నుంచే పేరొచ్చింది, పీబాడీ మ్యూజిక్ కాలేజీలో చదువు పూర్తయ్యేసరికి మాత్రం 1972 వచ్చేసింది. తమాషా ఏంటంటే 1999లో అదే వాట్స్ ఒంట్లో బాలేక తప్పుకుంటే షికాగో సింఫనీ ఆర్కెస్ట్రాతో వాయించే ఛాన్స్ 17 ఏళ్ల లాంగ్ లాంగ్‌కి దక్కింది. అయితే ఇదే కథలో ఇంకో సంగతుంది, లాంగ్ లాంగ్ అప్పటికే అమెరికాలోని కర్టిస్ మ్యూజిక్ స్కూల్లో గ్యారీ గ్రాఫ్‌మన్ దగ్గర నేర్చుకుంటున్నాడు. డిగ్రీ లేకుండా పైకొచ్చినవాళ్లు ఉన్నారు గానీ గురువు లేకుండా వచ్చినవాళ్లు చాలా అరుదు.

కాబట్టి ముందు ఏ పని చేసి సంపాదించాలనుకుంటున్నారో తేల్చుకోండి, డిగ్రీ సంగతి దాన్నిబట్టే తేలిపోద్ది. కాలేజీలో పాఠం చెప్పాలంటే పీజీ కావాలి, అమెరికా యూనివర్సిటీల్లో పియానో ఫ్యాకల్టీ అంటే ఎక్కువ చోట్ల డాక్టరేటే అడుగుతారు. అక్కడ వాదించి లాభం లేదు, చదవాల్సిందే.

క్లాసికల్ సోలో కచేరీలే మీ టార్గెట్ అయితే డిగ్రీ కాగితం కోసం కాకపోయినా ఆ నాలుగేళ్లు అక్కడ దొరికే మాస్టర్ కోసం, మంచి గ్రాండ్ పియానో కోసం, పక్కన వాయించే వయొలిన్ వాళ్ల కోసం వెళ్లడం మంచిదనే నా లెక్క. ఖర్చు చూసి భయపడే ముందు రెండు విషయాలు. కర్టిస్‌లో 1928 నుంచి సీటొచ్చిన ప్రతి ఒక్కరికీ ట్యూషన్ ఫీజు లేదు (సీటు రావడమే గగనం అనుకోండి). జర్మనీలో గవర్నమెంట్ మ్యూజిక్ కాలేజీల్లో ఫీజు చాలా తక్కువ, బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రంలో మాత్రం మనలాంటి బయటి దేశాల వాళ్ల దగ్గర సెమిస్టర్‌కి 1500 యూరోలు తీసుకుంటారు, జర్మన్ భాష కూడా నేర్చుకోవాలి. ఆడిషన్‌కి మామూలుగా బాఖ్ ప్రెల్యూడ్ అండ్ ఫ్యూగ్ ఒకటి, ఒక క్లాసికల్ సొనాటా, ఒక ఎట్యూడ్ (వేళ్ల టెక్నిక్ చూపించే పీస్), ఒక రొమాంటిక్ పీస్ కాగితం చూడకుండా వాయించాలి, అంటే ఇంటర్ రెండో ఏడాదిలో మొదలెడతానంటే కుదరదు. ఫ్రెంచ్ పియానిస్ట్ లూకా డెబార్గ్ 11 ఏళ్లకి మొదలెట్టి మధ్యలో మానేసి మళ్లీ వచ్చి 2015 చైకోవ్‌స్కీ పోటీలో నాలుగో ప్రైజ్ కొట్టాడుగా అంటారేమో, నిజమే, కానీ ఆయన్ని చూసి ప్లాన్ వేసుకోకండి.

మన వైపు ఎక్కువమంది వెళ్లే దారి ట్రినిటీ లేదా ఏబీఆర్‌ఎస్‌ఎం అనే లండన్ బోర్డుల పరీక్షల గ్రేడ్లు. ఎనిమిదో గ్రేడ్ అయ్యాక మావాడు ప్రొఫెషనల్ అయిపోయాడని స్వీట్లు పంచేస్తారు గానీ అది గేటు దగ్గరికి రావడమే, ఆ తర్వాత ట్రినిటీలో ఏటీసీఎల్, ఎల్‌టీసీఎల్ డిప్లొమాలున్నాయి, ఎల్‌టీసీఎల్ అంటే డిగ్రీ ఆఖరి ఏడాది స్థాయి వాయిద్యం. ఉద్యోగం చేసుకుంటూ కూడా రాయొచ్చు. ఏబీఆర్‌ఎస్‌ఎం అయితే ఆరో గ్రేడ్‌కి ముందే ఐదో గ్రేడ్ థియరీ పాసవ్వాలి, చాలామంది అక్కడే ఇరుక్కుంటారు.

ఇక హోటల్ లాబీలు, పెళ్లి సంగీత్‌లు, స్టూడియో సెషన్లు, సింగర్లకి పక్కవాద్యం. ఇక్కడ చెవే డిగ్రీ. గుంటూరు, విజయవాడ వైపు చర్చిల్లో కుర్రాళ్లని చూడండి, పాస్టర్ గారు ఏ పాట ఎత్తుకున్నా రెండో లైన్‌కల్లా శ్రుతి పట్టేసి కార్డ్స్ వేసేస్తారు, గ్రేడ్ల మొహం కూడా చూసుండరు. వాళ్లకి లేనిది నొటేషన్ (రాసిన స్వరాలు చదవడం), గ్రేడ్లు చదివినవాళ్లకి లేనిది ఈ చెవి, రెండూ ఉన్నవాడికి పనికి లోటుండదు. సింగర్ వచ్చి "నాది ఐదున్నర అండీ" అంటే (శ్రుతి నంబరన్నమాట) జీ షార్ప్ అని వెంటనే వెలగాలి, రెండున్నర అంటే డీ షార్ప్. కీబోర్డ్ మీదయితే శ్రుతి మార్చే ట్రాన్స్‌పోజ్ బటన్ నొక్కి నెట్టుకొస్తాం, హోటల్లో ఉన్న గ్రాండ్ పియానోకి ఆ బటన్ ఉండదు, అప్పుడు బయటపడుతుంది అసలు రంగు. అందుకే బాగా వచ్చిన పాట ఒకటి తీసుకుని రోజుకో శ్రుతిలో, పన్నెండూ తిరిగేదాకా వాయించండి, బటన్ ముట్టుకోకూడదు. దాంతోపాటు రోజూ ఓ పావుగంట ఎప్పుడూ చూడని పేజీ తీసుకుని ఆగకుండా చదివి వాయించండి, తప్పు స్వరం పడితే పడనీ తాళం మాత్రం తప్పకూడదు.

61 కీల కీబోర్డ్ మీద నేర్చుకుని నేరుగా పియానో ముందు కూర్చుంటే వేళ్లు అరగంటకే అలిసిపోతాయి, కాబట్టి 88 వెయిటెడ్ (పియానోలా బరువుగా నొక్కాల్సిన) కీలున్న డిజిటల్ పియానో కొనండి, సెకండ్ హ్యాండ్ అయినా పర్లేదు. డెమో వీడియో చేతులు కనపడేలా, ఎడిటింగ్ లేకుండా ఒకే టేక్‌లో తీయండి, మూడు రకాల పీసులు చాలు. హోటల్ వాళ్లు పిలిస్తే డబ్బుల సంగతి మాట్లాడాక ఆ పియానో చివరిసారి ఎప్పుడు ట్యూన్ చేయించారో అడగండి, "అది షో కోసం పెట్టాం సార్" అంటే మీ కీబోర్డ్, స్టాండ్, పెడల్ కార్లో వేసుకుని వెళ్లండి, కారు ఖర్చులు కూడా బిల్లులో రాయండి.