చిక్కుడుకాయలు వలిచే చేతులు ఆగాలి

మా అత్తగారికి సాయంత్రం ఏడు నుంచి తొమ్మిదిన్నర దాకా టీవీ ముందే పని. చిక్కుడుకాయలకు ఈనెలు తీయడం, వెల్లుల్లి వలవడం, చింతపండులో గింజలు ఏరడం అన్నీ అప్పుడే. పద్నాలుగేళ్లు సీరియళ్లకు డైలాగులు రాసిన నాకు ఆవిడ చేతులే కొలత. సీను పట్టుకుంటే ఆ చేతులు ఆగిపోతాయి. పట్టుకోకపోతే ఈనెలు ఇంకాస్త వేగంగా ఊడి వస్తాయి. నేను రాసిన ఒక లవ్ ట్రాక్‌కి మూడు వారాల పాటు ఆ చేతులు ఒక్కసారి కూడా ఆగలేదు. నాలుగో వారం ఆవిడ నా వైపు తిరిగి అడిగారు: "ఏటమ్మా, ఈ గుంటడు ఆ పిల్లని ఎప్పుడు సరిగ్గా సూసినాడు?"

నా దగ్గర జవాబు లేదు. ఢీకొన్నారు, పుస్తకాలు కింద పడ్డాయి, చున్నీ అతని వాచీకి చిక్కుకుంది, ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. చూశాడని సీన్ పేపర్లో రాశాను గానీ, ఏం చూశాడో రాయలేదు.

ఇప్పుడు విశాఖపట్నం పెదవాల్తేరులో మా ఇంటికి ఆదివారం పొద్దున్నే కొంతమంది పిల్లలు స్క్రిప్టులు పట్టుకొని వస్తున్నారు. వెబ్ సిరీస్ తీయాలని వాళ్ల ఆశ. వాళ్లు రాసుకొచ్చే ప్రధాన కథలు చాలావరకు బాగుంటాయి, లవ్ ట్రాక్ దగ్గరే తేలిపోతాయి. కారణం నా పాత సీరియల్లో ఉన్నదే. ప్రేమించాడని చెప్పేయడానికి తొందరపడతాం, ఆమె గురించి అతనికి కొత్తగా ఏం తెలిసిందో రాయడం మర్చిపోతాం. చూసేవాళ్లకు నమ్మకం కుదిరేది ఆ తెలియడం దగ్గరే. అందుకే వాళ్లకు నేను చెప్పే పద్ధతి ఇక్కడ రాస్తున్నాను.

డైలాగు రాయకముందే ఒక తెల్లకాగితం తీసుకొని మధ్యలో గీత గీయండి. ఎడమవైపు అతనికి ఆమె గురించి తెలిసినవి, కుడివైపు ఆమెకు అతని గురించి తెలిసినవి. మంచిది, అందగత్తె, ధైర్యం ఎక్కువ లాంటివి రాస్తే కొట్టేయండి. అవి వీధిలో అందరికీ కనిపిస్తాయి. ఆ ఒక్క మనిషి మాత్రమే పట్టించుకున్నవి కావాలి. కోపం వస్తే ఆమె పెన్ను మూత పెట్టి తీసి పెడుతూ ఉంటుంది. ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర దిగాల్సిన మనిషి జీతం వచ్చిన రోజు మాత్రం ఒక స్టాప్ ముందే దిగి మందుల షాపుకి వెళ్తుంది. ఇలాంటివి రెండు వైపులా కనీసం నాలుగు రాకపోతే, ఆ ఇద్దరికీ ప్రేమ సీను రాసే టైం ఇంకా రాలేదని అర్థం.

రెండో పని, ట్రాక్ మొత్తం తీసేసి మిగిలిన కథ చదవండి. ఏమీ తేడా రాకపోతే ఆ ట్రాక్ కథకి అంటుకోలేదు, పక్కన వేలాడుతోంది. ప్రేమ వల్ల ప్రధాన కథలో ఎవరికో ఒకరికి నష్టం రావాలి, లేదా ఒక నిర్ణయం మారాలి.

ఈ రెండూ ఎలా కలుస్తాయో ఒక స్క్రిప్టు మీద చెబుతాను. ముగ్గురు కలిసి రాసుకొచ్చారు, వాళ్ల అనుమతితోనే రాస్తున్నాను. కథ మన ఫిషింగ్ హార్బర్‌లో. వేట నిషేధం రోజుల్లో ఎవరో దొంగతనంగా బోటు పంపుతున్నారు, అది ఎవరన్నది సిరీస్. హీరో ఒక బోటుకి సరంగు, అంటే బోటు నడిపేవాడు. హీరోయిన్ ఐస్ ఫ్యాక్టరీలో చీటీలు రాసే అమ్మాయి. మొదటి డ్రాఫ్టులో వీళ్లిద్దరూ వేలంపాట దగ్గర ఢీకొంటారు, రొయ్యల బుట్ట ఒలికిపోతుంది, తర్వాత కైలాసగిరి, రుషికొండ, భీమిలి తిరుగుతూ ఒక పాట. నాలుగో ఎపిసోడ్‌లో బోటులో పనిచేసే కలాసీ ఒకడు "నువ్వు ప్రేమలో పడ్డావురా" అంటాడు. మన ఊళ్లో ఎక్కడ కెమెరా పెట్టినా సముద్రం అందంగానే పడుతుంది. అందుకే ఇక్కడి రచయితలు మరీ జాగ్రత్తగా ఉండాలి. ఫ్రేము బాగుండేసరికి సీను కూడా బాగుందనిపిస్తుంది.

"మీ పాట ఏ నెలలో?" అని అడిగాను. మే అన్నారు. అంతకుముందు సీనులో హీరో వేట నుంచి వంజరాలతో దిగుతాడు. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు మరబోట్లకు వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి ఆ నియమం. సిరీస్ మొత్తం ఆ నిషేధం మీదే నడుస్తుంటే, లవ్ ట్రాక్ మాత్రం దాన్ని మర్చిపోయింది. తప్పు చిన్నదేగానీ, రోగం ఎక్కడుందో చూపించింది. ప్రేమకథ వేరే క్యాలెండర్‌లో నడుస్తోంది.

మళ్లీ కూర్చున్నాం. సరంగు వేటకి వెళ్లే ముందు ఐసు కోసం ఆమె కిటికీ దగ్గరికి వస్తాడు. వేట ఎన్ని రోజులో దాన్ని బట్టి ఐసు. అంటే ఆమెకు అతని లెక్క తెలుసు. ఎప్పుడూ తీసుకునేదాంట్లో సగమే అడిగితే, ఈసారి డీజిలుకి డబ్బు చాలలేదనో, ఇంట్లో ఎవరికో బాగోలేదనో ఆమెకు అర్థమవుతుంది. కాగితం కుడివైపు గడిలో మొదటి సంగతి పడింది. ఇక ఏప్రిల్ 15 దాటింది. బోట్లన్నీ జెట్టీకి కట్టేసి ఉన్నాయి. అతనికి ఐసుతో పని లేదు. అయినా కిటికీ దగ్గరికి వచ్చాడు.

"ఎన్ని దిమ్మలు?" అంది ఆమె, తలెత్తకుండా.

అతను వెనక్కి తిరిగి కట్టేసిన బోట్ల వైపు చూశాడు. "ఒకటి."

పెన్ను మూత పెట్టింది. మళ్లీ తీసింది. చీటీ రాసి ఇచ్చింది.

అతను ఆ దిమ్మని గోనెలో చుట్టుకొని, చొక్కా తడిసిపోతుంటే గేటు దాకా మోసుకెళ్లాడు. మర్నాడు మళ్లీ ఒకటి. మూడో రోజు మళ్లీ. సీను ఇంతే, పాట లేదు. ఇక రెండో పని చూడండి. ఐదో ఎపిసోడ్‌లో దొంగ బోటు కోసం వెతికేవాళ్లు ఐస్ ఫ్యాక్టరీ చీటీల పుస్తకం తెరుస్తారు. నిషేధం రోజుల్లో ఐసు తీసుకున్న సరంగు ఒక్కడే. అతని మీదే అనుమానం. అతను ఎందుకు తీసుకున్నాడో చెప్పగలిగేది ఆమె ఒక్కతే. చెబితే ఇంట్లో గొడవ, హార్బర్ అంతా పుకారు. చెప్పకపోతే అతను లోపలికి. ఇప్పుడు ట్రాక్ తీసేయండి చూద్దాం, కథే నడవదు.

ఆ కలాసీ డైలాగు తీసేయించాను. స్నేహితుడో, చెల్లెలో వచ్చి ప్రేమని ప్రకటించడం మన సిరీస్‌లన్నింటికీ పట్టిన అలవాటు. విభావం (భావానికి కారణం), అనుభావం (భావాన్ని బయటపెట్టే చేష్ట), వ్యభిచారి భావం (వచ్చిపోయే చిన్న భావాలు) కలిస్తే రసం పుడుతుందని భరతుడు నాట్యశాస్త్రంలో చెప్పాడు. ఎంఏ తెలుగులో దీన్ని పరీక్ష కోసం బట్టీ పట్టాను. సీన్లు రాయడం మొదలుపెట్టాకే అర్థమైంది. మూత పెట్టి తీసిన పెన్ను అనుభావం. దాన్ని చూపించాక "ఆమెకు నువ్వంటే ఇష్టం" అని ఇంకొకరితో చెప్పిస్తే పండిన సీనుని మనమే పాడుచేసుకున్నట్టు.

తెలుగులో రాసేవాళ్లకు మరో పెద్ద వరం ఉంది, దాన్ని చాలామంది పారేసుకుంటున్నారు. "మీరు" నుంచి "నువ్వు"కి మారడం. ఆ ఒక్క మాట మారిన క్షణం ముద్దు సీను కంటే బలంగా ఉంటుంది. కానీ ఎపిసోడ్‌కొక రచయిత చేయి పడితే రెండులో "నువ్వు", మూడులో "మీరు", మళ్లీ "నువ్వు" వచ్చేస్తాయి. డైలీ సీరియల్ వారానికి ఆరు రోజులు, కొన్నిసార్లు సీన్ పేపర్ షూటింగ్ రోజు పొద్దున్నే చేరుతుంది. అక్కడ ఈ పొరపాటు ఎందుకు జరుగుతుందో నాకు తెలుసు. ఎనిమిది ఎపిసోడ్లు ముందే రాసుకునేవాళ్లు మాత్రం ప్రతి సీను పైన రాసుకోండి: ఎవరు ఎవర్ని ఏమని పిలుస్తున్నారు. మా హార్బర్ కథలో ఆమె ఐదో ఎపిసోడ్ వరకు "మీరు" అనే అంటుంది. అతని మీద అనుమానం వచ్చిన రాత్రి జెట్టీ దగ్గర మొదటిసారి "నువ్వేటి మాట్లాడవు?" అని అరుస్తుంది. ఆ "నువ్వు"లో కోపం ఉంది, అంతకంటే ఎక్కువగా భయం ఉంది.

అపార్థాల సంగతి ఒక్క మాటలో చెబుతాను. ఒక ఫోన్ కాల్‌తో తీరిపోయే అపార్థం మీద రెండు ఎపిసోడ్లు నడపకండి. వాళ్లు నోరు విప్పకపోవడానికి బలమైన కారణం ఉండాలి.

హీరో హీరోయిన్లని కలిపేస్తే కథ అయిపోతుందన్న టెన్షన్ గురించి కూడా చెప్పాలి. అమెరికాలో 1985 నుంచి 1989 దాకా 'మూన్‌లైటింగ్' అనే సిరీస్ వచ్చింది. డిటెక్టివ్ ఏజెన్సీ నడిపే ఇద్దరి గిల్లికజ్జాలే దాని ప్రాణం. 1987లో ఇద్దరినీ కలిపారు, ఆ తర్వాత సిరీస్ జారిపోయింది. కలిపితే పోతుందన్న భయం రచయితల్లో అప్పటి నుంచి బాగా పాతుకుపోయింది. కానీ తర్వాతి సీజన్ రోజుల్లో హీరోయిన్ సిబిల్ షెపర్డ్ గర్భవతి, హీరో బ్రూస్ విల్లిస్ 'డై హార్డ్' సినిమా షూటింగులో ఉన్నాడు. ఇద్దరూ ఒకే ఫ్రేములో కనిపించే సీన్లే తగ్గిపోయాయి. దాన్ని బట్టి నాకు అర్థమైంది, చూసేవాళ్లు వెళ్లిపోవడానికి వాళ్లు కలవడం ఒక్కటే కారణం కాదు. కాబట్టి కలపడానికి భయపడకండి. కలిసిన తర్వాత కూడా ఆ కాగితం మీద కొత్త సంగతులు పడుతూ ఉండాలి. ఆమె లెక్క ఎంత గట్టిగా రాస్తుందో అతనికి తెలుసు, ఇంట్లో ఆమె దగ్గర అప్పు దాచిపెట్టడం తన వల్ల కాదని ఇప్పుడు తెలుస్తుంది.

పోయిన ఆదివారం ఆ పిల్లలు కొత్త డ్రాఫ్టు మా హాల్లో కూర్చొని చదివారు. అత్తగారు పక్కనే చాప మీద చిక్కుడుకాయలతో ఉన్నారు. ఐసు దిమ్మ సీను దగ్గర చేతులు ఆగాయి. చీటీల పుస్తకం తెరిచిన సీనులో ఒడిలో ఉన్న చేట కిందికి జారింది. చదవడం అయిపోయాక ఆవిడ మీద నుంచి చూపు తిప్పుకోకుండా కూర్చున్నాం.

"ఐతే ఆ మూడు సీటీలు సింపేసిందేటి, ఉంచిందేటి?" అన్నారు.