మాస్టర్ ప్లాన్ ముసాయిదా రాకముందే: పొలం, అడవి ఉన్న ఊళ్లకు కొన్ని జాగ్రత్తలు

పొలం ముందు మ్యాపులో పోతుంది. కడీలు పాతడం, రోడ్లు తీయడం, జేసీబీ రావడం ఆ తర్వాతి సంగతి. మున్సిపాలిటీయో అర్బన్ డెవలప్‌మెంట్ అథారిటీయో ముసాయిదా ప్లాన్ వేసి, ఏ సర్వే నంబరుకు ఏ రంగు పూశారో చూపించి, అభ్యంతరాలుంటే ఫలానా తేదీలోగా చెప్పుకోండని పేపర్లో ఓ ప్రకటన వేస్తుంది. మన ఊళ్లలో ఆ ప్రకటన మీద కన్నేసి ఉంచేది ఎక్కువగా వెంచర్ల వాళ్లే. రైతుకు తెలిసేసరికి గడువులో సగం కరిగిపోయి ఉంటుంది.

2025 మార్చిలో హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ అయిన హెచ్‌ఎండీఏ పరిధిని 11 జిల్లాల్లోని 104 మండలాల దాకా పెంచారు. నిన్నటిదాకా పంచాయతీ తప్ప మరో గొడవ తెలియని ఊళ్లు కూడా ఇప్పుడు మాస్టర్ ప్లాన్ కిందికి వచ్చాయి. కాబట్టి కింద చెప్పే పనులు ప్రకటన వచ్చాక కాదు, నాట్లు అయిపోయి కాస్త తీరిక దొరికిన రోజుల్లోనే మొదలుపెట్టండి.

కామారెడ్డి సంగతి గుర్తుంటుంది. 2022 నవంబరులో ముసాయిదా వచ్చింది, అభ్యంతరాలకు 2023 జనవరి 11 దాకా గడువు ఇచ్చారు. రెండు పంటలు పండే భూములు ఇండస్ట్రియల్ జోన్‌లోకి, గ్రీన్ జోన్‌లోకి, వంద అడుగుల రోడ్ల కిందికి పోతున్నాయని చుట్టుపక్కల రైతులు రోడ్డెక్కారు. ఆ ఆందోళనల మధ్యే అడ్లూర్ ఎల్లారెడ్డి రైతు ఒకాయన ప్రాణం తీసుకున్నాడు. జనవరి 5న కలెక్టరేట్ ముందు పెద్ద గొడవ జరిగింది, 20న మున్సిపల్ కౌన్సిల్ ఆ ముసాయిదాను రద్దు చేస్తూ తీర్మానించింది. జగిత్యాలలోనూ అదే నెలలో ముసాయిదా వెనక్కి పోయింది. ధర్నాలు అందరికీ కనిపించాయి. ఆ గడువులోపల ఊరూరా కట్టలు కట్టలుగా ఇచ్చిన అభ్యంతరాల కాగితాలు మాత్రం ఎవరికీ పెద్దగా గుర్తులేవు. నన్నడిగితే ఈ రెండోది నేర్చుకోవాల్సిన విద్య.

ముందుగా రంగు అంటే ఏమిటో ఇంట్లోవాళ్లందరికీ అర్థమవ్వాలి. జోన్ మారితే పట్టా మారదు, పాస్‌బుక్ మీ పేరు మీదే ఉంటుంది. కానీ ఆ భూమిలో రేపు దేనికి అనుమతి వస్తుందో, దేనికి రాదో ఆ రంగే తేలుస్తుంది. పొలానికి రెసిడెన్షియల్ రంగు పడిందంటే పక్క పొలాలవాళ్లు ఒక్కొక్కరే అమ్ముకుంటారు, మీ పొలానికి నీళ్లొచ్చే కాలువ ఎవరి ప్లాట్ల కిందో పూడిపోతుంది, మీరు అమ్మకపోయినా సాగు సాగదు. మాస్టర్ ప్లాన్ రోడ్డు గీత పడితే ఆ పట్టీలో ఇల్లు కట్టుకోవడానికి అనుమతి రాదు.

ఇప్పుడు కాగితాలు. పాస్‌బుక్‌లో ఉన్న విస్తీర్ణం, గెట్ల మధ్య ఉన్న విస్తీర్ణం ఒకటేనా? చాలామందికి తేడా ఉంటుంది. ఊరి నక్ష (మ్యాపు), మీ సర్వే నంబరు టిప్పన్ (కొలతల పటం) నకళ్లు తీసుకోండి. తెలంగాణలో భూ రికార్డులకు తెచ్చిన భూభారతి చట్టం 2025 ఏప్రిల్ 14 నుంచి అమల్లో ఉంది, తప్పుల సవరణకు అందులో దారి ఉంది కాబట్టి రికార్డు పని దాంతోనే తేల్చుకోండి. తప్పుడు సర్వే నంబరుతో అభ్యంతరం ఇస్తే అది చెత్తబుట్టకే.

తర్వాత, ఆ భూమి సాగులో ఉందని చూపించే సాక్ష్యం. ముసాయిదా మ్యాపులు గీసేవాళ్లు ఎక్కువగా ఉపగ్రహ చిత్రాలు చూసి గీస్తారు. ఎండాకాలం తీసిన చిత్రంలో మీ తరి పొలం కూడా బీడులాగే కనిపిస్తుంది. ఏఈవో (వ్యవసాయ విస్తరణ అధికారి) చేసే పంట నమోదులో మీ పేరు, పంట సరిగ్గా ఎక్కాయో లేదో ప్రతి సీజనూ చూసుకోండి. వడ్లు అమ్మిన తక్‌పట్టీలు, బోరు మోటారు సర్వీసు నంబరు, వానాకాలం ఒకటి యాసంగి ఒకటి పొలంలో నిలబడి తీసిన ఫొటోలు, అన్నీ ఒకే ఫైలులో పెట్టండి. కొడుకు అమెరికాలో, పాస్‌బుక్ బ్యాంకు లాకర్లో, రసీదులు అటక మీద ఉంటే గడువులోపల ఏదీ చేతికి రాదు.

ముసాయిదా వచ్చిన రోజున ఆఫీసు గోడకు అంటించిన మ్యాపును ఫోన్లో ఫొటో తీసుకుని వస్తే చాలదు. ఆ స్కేలులో ఎకరం గోరంత ఉంటుంది. మీ ఊరి షీటు పెద్ద సైజు కాపీ అడగండి, ఊరి నక్షను పక్కన పరిచి చెరువు, అలుగు, బండ్లబాట ఎక్కడున్నాయో ముందు పోల్చుకోండి. అవి కుదిరాక మీ సర్వే నంబరు దగ్గరికి రండి. కుంటలు మ్యాపులో మాయమయ్యాయేమో కూడా చూడండి. 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు ఎఫ్‌టీఎల్ (చెరువు నిండినప్పటి నీటి హద్దు) గీత నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్న కుంటకు 9 మీటర్లు బఫర్, అంటే కట్టడాలు లేని ఖాళీ జాగా, వదలాలని తెలంగాణ బిల్డింగ్ రూల్స్ చెబుతున్నాయి. కుంటే మ్యాపులో లేకపోతే ఆ బఫర్ ఎక్కడి నుంచి కొలుస్తారు?

అభ్యంతరం రాసేటప్పుడు ‘మా పొట్ట కొట్టొద్దు’ అని రాస్తే అధికారి జాలిపడతాడేమోగానీ మ్యాపు మార్చలేడు. ఇదిగో, ఈ మోస్తరుగా రాయండి:

“ఫలానా గ్రామ శివారు సర్వే నంబరు ఫలానాలో నాకు ఎకరం ముప్పై గుంటల తరి భూమి ఉంది. చెరువు తూము కింద పారకం ఉంది, వానాకాలం, యాసంగి రెండు పంటలూ వరి. ముసాయిదాలో దీన్ని రెసిడెన్షియల్ జోన్‌గా చూపారు, వంద అడుగుల రోడ్డు నా బోరు మీదుగా పోతోంది. ఈ భూమిని వ్యవసాయ వినియోగంలోనే ఉంచాలని, రోడ్డును ఉత్తరాన ఉన్న బండ్లబాట మీదికి మార్చాలని కోరుతున్నాను. తీసుకున్న నిర్ణయాన్ని నాకు రాతపూర్వకంగా తెలపగలరు.”

రెండు కాపీలు తీసుకెళ్లండి. ఒకటి వాళ్లకు, రెండోదాని మీద ఇన్‌వార్డ్ నంబరు, తేదీ, సీలు వేయించుకుని మీరు తెచ్చుకోండి. ‘పెట్టిపో, నేను చూస్తా’ అంటే పెట్టి రావద్దు, రిజిస్ట్రేషన్‌తో స్పీడ్ పోస్టులో పంపండి. ఊరంతా కలిసి గ్రామసభ తీర్మానం ఇవ్వడం మంచిదే, కానీ దాన్ని నమ్ముకుని ఎవరికి వాళ్లు ఇవ్వాల్సిన కాగితం మానొద్దు. నెలలు గడిచినా జవాబు లేకపోతే సమాచార హక్కు కింద మీ అభ్యంతరం ఏమైందో అడగండి, 30 రోజుల్లో సమాధానం చెప్పాలి. తుది ప్లాన్ జీవో వచ్చాక మళ్లీ మ్యాపు తెరిచి చూడండి. హైకోర్టుకు పోవాల్సివస్తే ఆ సీలున్న కాపీయే మీ చేతిలో ఆయుధం.

ఈలోపల ఊళ్లోకి బ్రోకర్లు వస్తారు. ‘నాలా చేయించి పెడతాం, ఒక సంతకం చాలు’ అంటారు. నాలా అంటే సాగు భూమిని వేరే అవసరాల భూమిగా మార్పించడం. జీపీఏ (మీ తరఫున అమ్మే అధికారం ఇచ్చే పత్రం) మీదా, డెవలప్‌మెంట్ అగ్రిమెంటు మీదా చదవకుండా సంతకం పెట్టకండి. తెలంగాణలో 2006 నాటి నాలా చట్టం కింద భూమి మారిందంటే అది రికార్డుల్లో వ్యవసాయ భూమి కాదు, రైతు భరోసా ఆగిపోతుంది. అలాగని లేఅవుటు అనుమతి వచ్చినట్టూ కాదు. వెంచర్ మధ్యలో ఆగితే రెంటికీ చెడ్డ రేవడి మీరే. ఆంధ్రప్రదేశ్‌లో 2025లో నాలా చట్టాన్నే ఎత్తేశారు. అంటే అక్కడ పొలాన్ని కాపాడే భారం దాదాపు మొత్తం ప్లాన్ మీదే పడింది, ముసాయిదా దశలో మరింత కన్నేసి ఉండాలి.

పట్నంలో ఉండి ఊరి వైపు ‘ఫార్మ్ ప్లాట్’ కొనాలనుకునేవాళ్లకు ఒక్క మాట. గుంట అంటే 121 గజాలు, ఐదు గుంటల ముక్కకు పేరు వ్యవసాయ భూమి, వాడకం ఇంటిస్థలం. లేఅవుటు అనుమతి, రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరు రెండూ లేకపోతే మామిడి మొక్కలు నాటి ఇచ్చినా కొనకండి.

రైతుల వైపు నుంచి ఒక ఇబ్బంది కూడా చెప్పాలి. పొలాన్ని పొలంగానే ఉంచమంటే మెచ్చుకునేవాళ్లు పట్నంలో ఎక్కువ, ఆ ఊళ్లో తక్కువ. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌ల కోసం 1996 మార్చి 8న వచ్చిన జీవో 111, ఆ జలాశయాల చుట్టూ ఉన్న 84 ఊళ్ల భూములను కట్టడి చేసింది. గెట్టుకు అవతల ఎకరం కోట్లు పలుకుతుంటే ఇవతలివాళ్లు పాతికేళ్లు చూస్తూ కూర్చున్నారు. చివరికి 2022 ఏప్రిల్‌లో జీవో 69తో కట్టుబాట్లు సడలాయి. నా మటుకు జీవో 111 ఉద్దేశం సరైనదే, కానీ జంట జలాశయాల నీళ్లు తాగిన నగరం ఆ రైతులకు ఏమిచ్చింది? అందుకే మీ అభ్యంతరంలో జోన్ ఒక్కటే అడిగి ఊరుకోవద్దు. కాలువ మరమ్మతు, పొలంబాట, కొనుగోలు కేంద్రం కూడా రాయండి.

అడవి పక్క ఊళ్లకు పని వేరు. భూమిని రిజర్వు అడవిగా ప్రకటించడానికి 1967 అటవీ చట్టంలో సెక్షన్ 4 తొలి ప్రకటన, సెక్షన్ 15 తుది ప్రకటన. మీ ఊరి అటవీ బ్లాకు ఏ దశలో ఉందో రేంజ్ ఆఫీసులో అడగండి, తుది ప్రకటన రాని చోటే రెవెన్యూకూ ఫారెస్టుకూ మధ్య భూములు జారిపోతాయి. రికార్డులో అడవి అని రాసిలేదని వదలకండి. రికార్డు ఏమన్నా, నిఘంటువు అర్థంలో అడవి అయితే అది అడవే అని 1996 డిసెంబరు 12న గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

హైదరాబాద్‌లోని కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లో చెట్ల నరికివేత 2025లో ఉగాది, రంజాన్ సెలవులు వరసగా వచ్చిన రోజుల్లో జోరందుకుంది. అక్కడ అనుకున్నది ఇళ్లు కాదు, ఐటీ సంస్థలకు స్థలం. ఏదైనా చెట్టుకు ఒకటే. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపమనేలోపే దాదాపు 100 ఎకరాలు చదునైనట్టు హైకోర్టు రిజిస్ట్రార్ నివేదిక చెప్పింది. సెలవుల్లో ఆఫీసులు మూసి ఉంటాయని యంత్రాలు నడిపేవాళ్లకు బాగా తెలుసు. చెట్టు కొట్టాలంటే నీరు, నేల, చెట్ల రక్షణకు తెచ్చిన 2002 వాల్టా చట్టం ప్రకారం అనుమతి కావాలి, ఆ కాగితం చూపించమని అడగండి. చూపించకపోతే తేదీ, సమయం, జీపీఎస్ పడేలా ఫొటోలు తీసి అటవీ శాఖ బీట్ ఆఫీసర్‌కు, డీఎఫ్‌వోకు (జిల్లా అటవీ అధికారి), తహసీల్దార్‌కు ఒకేసారి పంపండి. వరస సెలవులు వస్తున్నాయంటే ఈ ముగ్గురి నంబర్లూ ఊళ్లో కనీసం పది మంది ఫోన్లలో ఉండాలి.