తాళం పడిన ఫైళ్లు: ఇంటి కంప్యూటర్‌కు రాన్సమ్‌వేర్ ఎలా సోకుతుంది, సోకితే ఏం చేయాలి

నిరుడు పెళ్లిళ్ల కాలంలో దేవరకొండ వైపు నుంచి ఒక ఫొటో స్టూడియో యజమాని తన సీపీయూను బైకు ట్యాంకు మీద పెట్టుకొని నల్లగొండలోని మా మరమ్మతు దుకాణానికి వచ్చారు. ఆయన ఫోన్‌తో తీసుకొచ్చిన స్క్రీన్ ఫొటోల్లో ఫోల్డర్లన్నీ ఉన్నాయి, ఫైళ్ల పేర్లూ ఉన్నాయి. అయితే 'తలంబ్రాలు 014.జేపీజీ' అన్న పేరు చివర మరో చుక్క, దాని పక్కన అర్థంలేని నాలుగు అక్షరాలు చేరాయి. బొమ్మ కనిపించవలసిన చోట తెల్ల కాగితం గుర్తు మిగిలింది. ప్రతి ఫోల్డర్‌లోనూ 'రీడ్‌మీ' అనే నోట్‌ప్యాడ్ ఫైలు ఒకటి ఉంది. 980 డాలర్లు చెల్లిస్తే ఫైళ్లు తెరిచే సాధనం ఇస్తామని, 72 గంటల్లోపు సంప్రదిస్తే 490 డాలర్లకే ఇస్తామని దానిలో రాసి ఉంది.

ఈ బేరం 'స్టాప్' లేదా 'డీజేవీయూ' అని పిలిచే రాన్సమ్‌వేర్ కుటుంబానిది. రాన్సమ్‌వేర్ అంటే ఫైళ్లకు తాళం వేసి, తెరవడానికి డబ్బు అడిగే ప్రోగ్రామ్. 2018 నుంచి తిరుగుతున్న ఈ రకం పెద్ద సంస్థల జోలికి అంతగా పోదు. ఇళ్లలోని కంప్యూటర్లు, చిన్న దుకాణాలే దాని మేత. అది వచ్చే దారి కూడా మనం తెరిచినదే. ఆ యజమాని ముందురోజు రాత్రి ఆల్బమ్ డిజైన్ సాఫ్ట్‌వేర్ కోసం ఒక క్రాక్, అంటే డబ్బు కట్టకుండా వాడుకునేందుకు లైసెన్సును దాటించే ఫైలు, డౌన్‌లోడ్ చేసుకున్నారు. అది పాస్‌వర్డ్ పెట్టిన జిప్ ఫైలు. లోపల ఏముందో యాంటీవైరస్ చూడకుండా ఉండడానికే ఆ పాస్‌వర్డ్. విప్పిన తరువాత యాంటీవైరస్ అడ్డుపడితే, 'ఇన్‌స్టాల్ చేసే ముందు యాంటీవైరస్ ఆపండి' అని ఆ పేజీలోనే రాసి ఉన్నందున ఆయనే దాన్ని ఆపేశారు. ఆ తరువాత విండోస్ అప్‌డేట్ అవుతున్నట్లు ఒక చిన్న పెట్టె కనిపించిందట. అది నకిలీది. డిస్కు ఎందుకు ఆగకుండా తిరుగుతోందని అనుమానం రాకుండా దాన్ని చూపిస్తారు. డీటీపీ సెంటర్లలో, స్టూడియోల్లో క్రాక్ సాఫ్ట్‌వేర్ లేని యంత్రం అరుదు కనుక మా దుకాణానికి వచ్చే కేసుల్లో ఎక్కువ ఇవే.

లోపల జరిగే పని ఇది. రాన్సమ్‌వేర్ ఫైళ్లను ఒక కీతో ఎన్‌క్రిప్ట్ చేస్తుంది, అంటే ఆ కీ లేకుండా చదవలేని రూపంలోకి మారుస్తుంది. ఆ కీని మళ్లీ నేరగాళ్ల పబ్లిక్ కీతో మూసివేస్తుంది. దానికి జోడీగా ఉండే ప్రైవేట్ కీ వాళ్ల దగ్గర మాత్రమే ఉంటుంది. విండోస్ దాచి ఉంచే పాత ప్రతులను, అంటే షాడో కాపీలను, ఆ ప్రోగ్రామే తుడిచేస్తుంది. అందువల్ల వైరస్‌ను తొలగించడం ఒక పని, ఫైళ్లను తిరిగి తెరవడం వేరొక పని అని మొదటే తెలుసుకోవాలి. దొంగను ఇంట్లోంచి వెళ్లగొట్టినంత మాత్రాన వాడు వేసిన తాళం ఊడి రాదు.

మిగతా దారులను కూడా చెప్పుకోవాలి. ఈమెయిల్‌లో 'బిల్లు.పీడీఎఫ్.ఈఎక్స్ఈ' అని వచ్చే ఫైలు, ఎక్స్‌టెన్షన్ (ఫైలు రకాన్ని చెప్పే, పేరు చివరి అక్షరాలు) దాచి ఉన్న కంప్యూటర్‌లో 'బిల్లు.పీడీఎఫ్'గా కనిపిస్తుంది. 'ఎనేబుల్ కంటెంట్' నొక్కమని అడిగే వర్డ్, ఎక్సెల్ ఫైళ్లు మరో దారి. మిర్యాలగూడ వైపు రైస్ మిల్లుల్లో లెక్కలు రాసేవారు ఇంటి నుంచే ఆఫీసు కంప్యూటర్‌ను తెరవడానికి రిమోట్ డెస్క్‌టాప్ పెట్టించుకొని, అది వాడే 3389 పోర్టును (నెట్‌వర్క్ తలుపును) ఇంటర్నెట్‌కు వదిలేసి, పాస్‌వర్డ్‌గా మిల్లు పేరే పెట్టుకుంటే, ఆ తలుపు తట్టే ప్రోగ్రాములు రాత్రింబవళ్లు తిరుగుతూనే ఉంటాయి. ఇక ఎవరూ ఏమీ నొక్కకుండానే పాకిన ఉదాహరణ 2017 మే 12న బయటపడిన వనాక్రై అనే రాన్సమ్‌వేర్. అది వాడుకున్న విండోస్ లోపానికి మైక్రోసాఫ్ట్ అదే ఏడాది మార్చిలోనే ప్యాచ్ (సవరణ అప్‌డేట్) విడుదల చేసింది. అప్‌డేట్ చేసుకోని యంత్రాలే చిక్కుకున్నాయి. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది కనుక ఇప్పటికీ అదే వాడుతున్నవారు ఈ మాటను తేలికగా తీసుకోవద్దు.

సోకిందని అనుమానం రాగానే ముందుగా నెట్ కేబుల్ పీకండి, వైఫై ఆపండి, తగిలించి ఉన్న పెన్‌డ్రైవ్‌లను, బయటి హార్డ్ డిస్కులను ఊడదీయండి. మీ కళ్ల ముందే ఫైళ్ల పేర్లు మారుతూ ఉంటే పవర్ బటన్‌ను నొక్కి పట్టి కంప్యూటర్‌ను ఆపేయండి. మెమరీలోని ఆనవాళ్ల కోసం ఆపకూడదని పెద్ద సంస్థల్లో చెబుతారు. ఇంటి కంప్యూటర్ విషయంలో మిగిలిన ఫైళ్లను కాపాడుకోవడమే ముఖ్యమని నా అభిప్రాయం. ఆపిన తరువాత అదే విండోస్‌ను మళ్లీ ఆన్ చేసి చూడవద్దు. స్టాప్ రకం, పనులను వేళకు నడిపే విండోస్ టాస్క్ షెడ్యూలర్‌లో ఒక పని పెట్టుకొని కొద్ది నిమిషాలకోసారి మళ్లీ లేస్తుంది. అప్పుడు మీరు తగిలించే పెన్‌డ్రైవ్‌కూ తాళం పడుతుంది.

వేరే శుభ్రమైన కంప్యూటర్‌లో లినక్స్ (విండోస్ కాని మరో ఆపరేటింగ్ సిస్టమ్) పెన్‌డ్రైవ్ తయారు చేసుకొని, సోకిన కంప్యూటర్‌ను దానితో బూట్ చేసి, తాళం పడిన ఫైళ్లను, ఆ రీడ్‌మీ నోటుతో సహా, వేరే హార్డ్ డిస్కులోకి కాపీ చేసుకోండి. దేన్నీ తీసివేయవద్దు, పేర్లు మార్చవద్దు. తరువాత 'ఐడీ రాన్సమ్‌వేర్' వెబ్‌సైటులో నోటును, ఒక నమూనా ఫైలును ఇస్తే ఏ రకమో తెలుస్తుంది. నమూనాగా ఆధార్ కాపీనో, పాస్‌బుక్ స్కాన్‌నో కాక పనికిరాని ఫైలును ఇవ్వండి. 2016లో డచ్ పోలీసులు, యూరోపోల్, రెండు భద్రతా కంపెనీలు కలిసి మొదలుపెట్టిన 'నో మోర్ రాన్సమ్' సైటులో అనేక రకాలకు డిక్రిప్టర్లు, అంటే తాళం తీసే సాధనాలు, ఉచితంగా దొరుకుతాయి. స్టాప్ విషయంలో నోటు చివర ఉండే పర్సనల్ ఐడీని చూడండి. అది 'టీ1' అక్షరాలతో ముగిస్తే, ప్రోగ్రామ్ తన సర్వర్‌ను అందుకోలేక తనలోనే ఉన్న ఆఫ్‌లైన్ కీని వాడిందని అర్థం. ఆ కీ ఎప్పుడైనా బయటపడితే ఎమ్సీసాఫ్ట్ అనే భద్రతా కంపెనీ వారి డిక్రిప్టర్‌తో ఫైళ్లు తెరుచుకోవచ్చు. అలా ముగియకపోతే, 2019 ఆగస్టు తరువాతి రకాలకు ప్రస్తుతానికి దారి లేదు.

తొలగించే పద్ధతుల్లో నేను నమ్మేది ఒక్కటే: డిస్కులోని పార్టిషన్లన్నీ తీసేసి, వేరే కంప్యూటర్‌లో తయారు చేసిన పెన్‌డ్రైవ్‌తో విండోస్‌ను కొత్తగా వేయడం. అలా వీలుకాకపోతే, ఫైళ్లు కాపీ చేసుకున్న తరువాతే విండోస్ ఆన్ చేసి, నెట్ గానీ పెన్‌డ్రైవ్ గానీ తగిలించకుండానే విండోస్ సెక్యూరిటీలో 'వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్', దానిలో 'స్కాన్ ఆప్షన్స్', అక్కడ 'డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్' ఎంచుకోండి. కంప్యూటర్ రీస్టార్ట్ అయి, విండోస్ లేవకముందే వెతుకుతుంది. ఏ పద్ధతి అయినా పని అక్కడితో పూర్తికాదు. స్టాప్ తరచుగా తనతోపాటు పాస్‌వర్డ్‌లు దొంగిలించే ప్రోగ్రామును కూడా దించుతుంది. అందువల్ల ఈమెయిల్, బ్యాంకు, ఫేస్‌బుక్ పాస్‌వర్డ్‌లన్నింటినీ వేరే ఫోన్ నుంచి మార్చి తీరాలి.

ఆ స్టూడియో వారి ఐడీ 'టీ1'తో ముగియలేదు. అయినా అంతా పోలేదు. కెమెరా మెమరీ కార్డులను ఫార్మాట్ చేసినా వాటిలో మళ్లీ ఫొటోలు తీయకపోతే పాతవి లోపలే ఉంటాయి. ఫొటోరెక్ అనే ఉచిత సాధనంతో రెండు కార్డుల నుంచి పెళ్లి ఫొటోలు చాలావరకు దొరికాయి. స్టాప్ ఒక్కో ఫైలులో మొదటి 150 కేబీని మాత్రమే పాడు చేస్తుంది కనుక, పెద్ద వీడియోలను అదే కెమెరాతో తీసిన మంచి వీడియోను నమూనాగా ఇచ్చి సరిచేసే వీలు తరచుగా ఉంటుంది. సింగిల్ పేజీ డిజైన్లు, చిన్న ఫొటోలు మాత్రం తాళంతోనే ఉండిపోయాయి. వాటిని ఒక డిస్కులో వేసి, మీద తేదీ రాసి ఇచ్చాను.

డబ్బు కట్టవద్దనే నేను చెబుతాను. కట్టినా కీ వస్తుందన్న పూచీ లేదు, వచ్చినా అది పనిచేస్తుందన్న పూచీ లేదు. 'నూటికి నూరు శాతం రికవరీ' అని ముందే మాట ఇచ్చేవారి దగ్గరా జాగ్రత్తగా ఉండండి. కీ లేకుండా తెరవలేని దాన్ని తెరుస్తామనేవారు నేరగాళ్లకే డబ్బు కట్టి, దాని మీద తమ లాభం వేసుకోవచ్చు. ఫిర్యాదును జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో నమోదు చేయవచ్చు; బ్యాంకు డబ్బు కూడా పోయి ఉంటే ఆలస్యం చేయకుండా 1930కు ఫోన్ చేయాలి. ఐటీ చట్టం 43, 66 సెక్షన్ల ప్రకారం ఇది మూడేళ్ల వరకు జైలు శిక్ష పడే నేరం.

మళ్లీ సోకకుండా ఉండాలంటే ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లోని 'వ్యూ'లో ఫైల్ ఎక్స్‌టెన్షన్లు కనిపించేలా పెట్టుకోండి. 'రాన్సమ్‌వేర్ ప్రొటెక్షన్'లో 'కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్' ఆన్ చేసి, ఫొటోలు, లెక్కలు ఉండే ఫోల్డర్లను దానిలో చేర్చండి. మొదట్లో మీ సాఫ్ట్‌వేర్‌ను కూడా అది అడ్డుకొని విసిగిస్తుంది. ఒక్కొక్కదానికి అనుమతి ఇచ్చుకుంటూ పోవాలి తప్ప మొత్తంగా ఆపేయకూడదు.

అన్నిటికంటే పైన బ్యాకప్. దసరాకు సీపీయూకు బొట్టు పెట్టి దండ వేసేవాళ్లం, దానిలోని పనిని మాత్రం ఏడాదంతా ఒకే డిస్కులో ఉంచుతాం. రెండు బయటి హార్డ్ డిస్కులు కొని, వారం వారం మార్చి వాడండి: ఒకదానిలో కాపీ చేస్తున్నప్పుడు రెండోది ఇంట్లో బీరువాలో ఉండాలి. కాపీ అయిన వెంటనే ఊడదీయాలి. ఎప్పుడూ తగిలించి ఉన్న డిస్కు బ్యాకప్ కాదు, రాన్సమ్‌వేర్‌కు అది కూడా మరో డ్రైవే. నెలకోసారి ఆ డిస్కును వేరే కంప్యూటర్‌కు తగిలించి, ఏవైనా నాలుగు ఫైళ్లు నిజంగా తెరుచుకుంటున్నాయో లేదో చూసుకోండి.